రత్నం బిగించిన బ్రేకులు

రాజారత్నం చక్రం ఊడదీసి పక్కకు దొర్లించి, డిస్కు మీద బొటనవేలి గోరుతో గీశాడు. గోరు మధ్యలోనే ఆగిపోయింది.

“గీడ చెయ్యి పెట్టి సూడు అన్నా,” అన్నాడు.

పరశురాములు వంగి వేలు పెట్టాడు. నున్నగా ఉండాల్సిన ఇనుము దున్నిన చెలకలా చాళ్లు పడి ఉంది. అంచున గట్టు లేచింది. లోపలి ప్యాడు పూర్తిగా అరిగిపోయి, దాని వెనకున్న ఇనుపరేకే డిస్కును గీకుతోంది.

“గర్రుమంటుంటే ఏదో రాయి ఇరికిందనుకున్న.”

“రాయైతే మంచిగుండేది. నీ డిస్కే అరిగిపోతుంది.”

“లేతు మిషిన్ మీద చెక్కిస్తే పనైతదా?”

“పోయినసారి చెక్కించింది మరిచినవా? ఇంకా చెక్కితే రేకైతది, వేడికి పగుల్తది.” రత్నం చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “రెండు దిక్కులా డిస్కులు, రెండు దిక్కులా ప్యాడ్లు. ఒక్క దిక్కే మారిస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి పక్కకు గుంజుతది. సూర్యాపేట పోయి తెచ్చుకో. ఆడైతే నాలుగు రకాలు సూసి తీస్కోవచ్చు.”

పరశురాములుది వేములపల్లి. సొంత పికప్. మామూలు రోజుల్లో మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం బస్తాలు తోలతాడు. కాలువకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాయంటే మాత్రం బస్తాలు పక్కనపెట్టి, తెల్లారకముందే కూలి ఆడవాళ్లను ఎక్కించుకుని హుజూర్‌నగర్ వైపు పొలాలకు బయల్దేరతాడు. సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదని అతనికీ తెలుసు, ఎక్కేవాళ్లకూ తెలుసు, నాటు వేయించుకునే రైతులకూ తెలుసు. తెలిసినవాళ్లంతా కలిసి తెలియనట్టుంటే పని నడుస్తుంది.

రత్నం షెడ్డు మిర్యాలగూడ పొలిమేరలో, రోడ్డు పక్కనే. రేకుల కప్పు, తలుపు మీద చిన్న కొయ్య శిలువ, పక్కన టైర్లకు గాలి కొట్టే ఎర్రరంగు కంప్రెషర్. ఆ కంప్రెషర్ అంటే అతనికి ప్రాణం. రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి తుడుస్తాడు. గాలి కోసం ఆగిన లారీవాళ్లు ఎదురుగా హరిలాల్ హోటల్లో చాయ్ తాగుతారు కాబట్టి, హరిలాల్‌కు కూడా ఆ యంత్రం మీద గౌరవం ఉంది. రత్నం వయసులో పరశురాములు కంటే ఆరేడేళ్లు పెద్ద. అయినా రత్నమే ‘అన్నా’ అంటాడు, పరశురాములు ‘రత్నం’ అంటాడు. మొదటి నుంచీ అలాగే నడుస్తోంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

సూర్యాపేటలో శంకరయ్య సేటు షాపుకు పరశురాములు పాత డిస్కును గోనెసంచిలో చుట్టుకుని వెళ్లాడు. సేటు దాన్ని తిప్పి చూసి, లోపలికి వెళ్లి మూడు అట్టపెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పరశురాములు ఒక్కొక్క డిస్కునూ రెండు చేతులా ఎత్తి చూశాడు. మొదటిది తేలిగ్గా ఉంది. రెండోది బరువుందిగానీ అంచు గరుకుగా ఉంది. మూడోది కంపెనీది. దాని రెండు పలకల మధ్య గాలి తిరిగే సందులు ఒకే తీరుగా, శుభ్రంగా ఉన్నాయి. వేలితో తడితే ఖంగుమంది.

“ఏది మంచిది సేటూ?”

“అన్నీ నేను అమ్మేటియే, దేన్ని చెడ్డదనాలె?” సేటు నవ్వాడు. “ఏం తోల్తవ్ బండ్ల?”

“బియ్యం బస్తాలు. ఇప్పుడైతే నాట్ల కూలోళ్లను.”

సేటు నవ్వు తగ్గింది. “బస్తాలకైతే నడిమిది తీస్కో. మనుషులకైతే ఇది తీస్కపో,” అని మూడో పెట్టెను ముందుకు నెట్టాడు.

ధర విని పరశురాములు బయటికొచ్చి చాయ్ తాగాడు. బండి వెనక డాలా తలుపు దగ్గర తాడు పట్టుకుని నిలబడే ముత్తమ్మ గుర్తొచ్చింది. కూలి ముఠా అంతటికీ పెద్ద ఆమె. అందరినీ కూర్చోబెట్టి తాను నిలబడుతుంది, మలుపు వచ్చినప్పుడల్లా “పట్టుకోండ్రే!” అని కేక వేస్తుంది. చాయ్ గ్లాసు పెట్టి మళ్లీ లోపలికి వెళ్లి, కంపెనీ డిస్కులు, అదే కంపెనీ ప్యాడ్లు తీసుకున్నాడు. నకిలీ కాదని చూపించమని సీలు మీది స్టిక్కరును సేటుతోనే గీకించాడు. తిరుగు బస్సులో పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఇంట్లోకి నగ తీసుకెళ్తున్నంత గొప్పగా అనిపించింది.

అది శ్రావణ శుక్రవారం. వందన తలస్నానం చేసి, గడపకు పసుపు రాసి, దీపం పెట్టే పనిలో ఉంది. మొగుడి చేతిలో పెట్టెలు చూడగానే పీట వాల్చింది.

“పండుగ పూట ఇనుము ఇంటికొచ్చింది. అమ్మవారి ముందర పెట్టకుంట బండికి ఎట్ల ఎక్కిస్తవ్?”

ఆ ఇంట్లో అది కొత్త కాదు. బండికి టైరు కొన్నా, బ్యాటరీ కొన్నా, హారన్ కొన్నా, బిగించేముందు ఒక రాత్రి అమ్మవారి ముందు ఉండాల్సిందే. పరశురాములే పెట్టెలు విప్పి ఇత్తడి తాంబాళంలో పేర్చాడు. ఇనుము మీద నీళ్ల పసుపు నిలవదు, ఎండి రాలిపోతుంది. అందుకని వందన దీపంలోకి తెచ్చిన నువ్వుల నూనెతో పసుపు కలిపింది. డిస్కులకూ ప్యాడ్లకూ అటూ ఇటూ రుద్ది రుద్ది పూసి, మధ్యలో కుంకుమ పెట్టింది.

“గంత పూస్తవేందే?”

“ఇరవై మంది పానాలు మోసే బ్రేకులు. బొట్టు పెట్టి వదిలేస్తమా?”

ఆ మాట అతనికి నచ్చింది. ఇద్దరూ దండం పెట్టుకున్నారు. దీపం కొండెక్కినా తాంబాళం తెల్లారేదాకా అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున షెడ్డు దగ్గర రత్నం పెట్టె తెరిచాడు. డిస్కును పైకి తీసి, పెట్రోలులో ముంచిన గుడ్డ అందుకున్నాడు.

“ఏయ్, ఏంది? నిన్న పూజ చేసిన వస్తువది,” అన్నాడు పరశురాములు.

“కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండ కంపెనీవోళ్లే ఏదో పూసి పంపిస్తరు అన్నా. తుడవక తప్పదు.”

“సరే, డిస్కు తుడువు.”

రత్నం డిస్కులు శుభ్రంగా తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, బిగించాడు. తర్వాత ఒక ప్యాడు చేతిలోకి తీసుకుని మొహం దగ్గర పెట్టుకున్నాడు. దాన్ని కింద పెట్టి ఉప్పుకాగితం కోసం చెయ్యి చాపాడు.

“ఇవి కూడ జర గీకాలె. లేకుంటే వేరేవి...”

“కొత్తయి గీకుడేంది? బొట్టు పోతది. దాని జోలికి పోకు, గట్లనే బిగియ్యి.”

“అది కాదన్నా...”

“నీకు మా పూజలు తెల్వయిలే రత్నం. ఉండనీ.”

కసిరి అనలేదు. నవ్వుతూనే అన్నాడు. రత్నం చెయ్యి గాలిలోనే ఆగి, మెల్లగా వెనక్కి వచ్చింది. ఉప్పుకాగితం మడిచి జేబులో పెట్టుకుని ప్యాడ్లు అలాగే కూర్చోబెట్టాడు. చక్రాలు ఎక్కించి, కంప్రెషర్ పైపు తెచ్చి టైర్లకు గాలి పెడుతుండగా పరశురాములు రోడ్డు దాటి హరిలాల్ దగ్గర చాయ్ తాగొచ్చాడు. ఖాళీ బండిని షెడ్డు ముందు అటూ ఇటూ తిప్పి, బ్రేకు తొక్కి చూశారు. ఆగింది. రత్నం మాత్రం తల తిప్పి అన్నాడు, “కొన్ని రోజులు నిదానంగ పోవాలె అన్నా. లోడు ఎక్కువ ఎక్కియ్యకు.”

నాట్ల కాలంలో లోడు ఎక్కువ ఎక్కించకుండా ఎవరైనా బతికారా? సోమవారం తెల్లవారుజామున ముత్తమ్మ ముఠా అంతా ఎక్కింది. మఠంపల్లి దారిలో పొలం. హుజూర్‌నగర్ ఊళ్లో రద్దీకి నాలుగైదుసార్లు బ్రేకు తొక్కాల్సి వచ్చింది. ఊరు దాటుతుండగా వెనక నుంచి ముత్తమ్మ క్యాబిన్ రేకు మీద తట్టింది.

“ఏం బిడ్డా, బండ్ల దీపం పెట్టినవా? గుడిల వాసనొస్తుంది!”

“కొత్త బ్రేకులు అత్తా, వాసనొస్తది!” అని గట్టిగా చెప్పాడు. వెనక ఆడవాళ్లు నవ్వారు. ఎవరు తలకు నూనె ఎక్కువ పెట్టుకున్నారో ఒకరి కొప్పు ఒకరు చూసుకుని ఇంకా నవ్వారు.

కాలువ వంతెన ముందు దారి పల్లంగా దిగుతుంది. కింద పక్కదారిలోంచి సిమెంటు లారీ ఒకటి ముక్కు బయటపెట్టి, ఆగకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. పరశురాములు బ్రేకు తొక్కాడు. పెడలు కిందికి దిగలేదు, రాయిలా గట్టిగానే నిలబడింది. కానీ బండి ఆగలేదు. తడి సబ్బు మీద కాలు పెట్టినట్టు జారుతూనే పోయింది. రెండు కాళ్లతో తొక్కాడు. చేతి బ్రేకు గుంజాడు. లారీ వెనక చక్రం అద్దం నిండా కనిపించింది. స్టీరింగు ఎడమకు కోసేశాడు. బండి ముందుచక్రం వంతెన పక్క కాలువలోకి దిగి, గట్టురాయికి గుద్దుకుని ఆగింది.

అరుపులు, ఏడుపులు, చెప్పులు, సద్ది గిన్నెలు. దిగి చూస్తే అందరూ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు, కానీ బండిలోనే ఉన్నారు. ముత్తమ్మ ఒక్కతే లేదు. ఆమె తాడు వదలకుండా రోడ్డు మీద పడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది.

“పిల్లలు మంచిగున్నరా?” అని అడిగింది. ముఠాలో ముసలివాళ్లను కూడా ఆమె పిల్లలనే అంటుంది.

మిర్యాలగూడ దవాఖానలో చేతికి ప్లేటు వేయాలన్నారు. సాయంత్రానికి ట్రాక్టరుకు కట్టి బండిని వేములపల్లి లాక్కొచ్చారు. మాజీ సర్పంచి వెంకటనర్సయ్య ఇంటి ముందర జనం చేరారు.

“కేసయ్యిందంటే బండి స్టేషన్ల పడ్తది. నాట్లు అయిపోయిందాక బయటికి రాదు, నువ్వు కూడ లోపల్నే,” అన్నాడు వెంకటనర్సయ్య కుర్చీలో సర్దుకుంటూ. “ఊళ్లెనే తెంపుకుందాం. ముత్తమ్మ దవాఖాన ఖర్చు ఎవలు పెట్టుకోవాలన్నదే ముచ్చట. బ్రేకులు కొత్తయే గదా?”

“కొత్తయే. కంపెనీయి.”

“కొత్తయి ఎట్ల పోతయ్?”

వెనక నుంచి ఒక గొంతు, “అసలుయి దాసుకొని నకిలీయి బిగించి ఉంటడు, ఆ మెకానిక్కు,” అంది. ఎవరన్నారో తెలియదు. కానీ ఆ మాట పుట్టగానే జనానికి ఊపిరి ఆడినట్టయింది. అప్పటిదాకా తప్పు ఎవరిదో తెలియక ఇబ్బంది పడుతున్నవాళ్లంతా ఒక్కసారి మాట్లాడసాగారు. రత్నాన్ని పిలిపించారు.

రత్నం వచ్చి ఎవరినీ చూడకుండా చక్రం ఊడదీశాడు. ప్యాడు బయటికి తీశాడు. నల్లగా మాడి, పైన గాజుపొరలా మెరుస్తోంది. దాని అంచు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి పరశురాములును చూశాడు. తర్వాత ఆ వేలు ప్యాంటుకు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

“ఏమంటవ్?” అన్నాడు వెంకటనర్సయ్య. “మార్చినవా?”

“లేదు సార్. అన్న తెచ్చినయే బిగించిన.”

“పరశురాములూ, బిగించేటప్పుడు నువ్వు ఆడ్నే ఉన్నవా?”

అవునంటే ఖర్చు తన నెత్తిన పడుతుంది. రేపో మాపో కేసు కూడా.

“నేను చాయ్ తాగనీకి పోయిన,” అన్నాడు పరశురాములు.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. అయినా పంచాయితీ ఆ ఒక్క మాటతో తెగిపోయింది. దవాఖాన ఖర్చు మొత్తం రత్నం భరించాలన్నారు. రత్నం ఎదురు చెప్పలేదు. సామాన్ల సంచీ సర్దుకున్నాడు, పానా ఒకటి మట్టిలో పడితే వెనక్కి వచ్చి తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఎదురు చెప్పలేదు కాబట్టి దొంగే అని తేల్చుకుని జనం కూడా ఇళ్లకు పోయారు. పరశురాములు ఆ ప్యాడ్లను గుడ్డలో చుట్టి దాచిపెట్టాడు. నకిలీవని ఎవరైనా ఒకరు చూసి చెబితే తన మనసు కుదుటపడుతుందని అతని ఆశ.

ముత్తమ్మ దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక చూడటానికి వెళ్లాడు. ఆమె వాకిట్లో మంచం మీద, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. ముఠా వేరే బండిలో పనికి పోయింది. నాట్లప్పుడు ఇంట్లో కూర్చోవడం ఆమె ఎరగదు. ఎడమచేత్తో చీరకొంగు ముడి వేస్తోంది, విప్పుతోంది.

“రత్నం గట్లాంటోడు కాదు బిడ్డా,” అంది, అడగకుండానే. “మొన్న దవాఖానకొచ్చి ఖర్చు కట్టిపోయిండు. నా దిక్కు సూస్తే నాకే సిగ్గనిపించింది. దొంగతనం చేసినోడు గట్ల సూడడు.”

“మరి కొత్త బ్రేకులు ఎట్ల పోతయ్ అత్తా?”

“నాకేం ఎరుక? నీ బండి, నీ బ్రేకులు.”

తెల్లారి ప్యాడ్ల మూట పట్టుకుని కోదాడ బస్సెక్కాడు. బండికి ఎలాగూ కొత్త ప్యాడ్లు కావాలి. తెలియని ఊళ్లో, తెలియని మనిషితో నకిలీవని చెప్పించుకుంటే సరి అనుకున్నాడు.

కోదాడ షాపాయన కళ్లజోడు సవరించుకుని ప్యాడును తిరగేశాడు. వెనకరేకు మీద కంపెనీ గుర్తునూ అంకెలనూ తన దగ్గరున్న కొత్త పెట్టెతో పోల్చి చూశాడు.

“ఇవి అసలువేనండీ. నకిలీ అని ఎవరన్నారు?”

“మరి పట్టలేదు గద. బండి ఆగలేదు.”

“ఎలా పడతాయి? నూనె తాగి ఉన్నాయిగా.” ఆయన అంచును మేకుతో గీకాడు. నల్లటి మాడు కింద నుంచి సన్నగా పసుపుపచ్చ చార బయటపడింది. “ఇది చూడండి. ప్యాడంటే రొట్టె ముక్కలాంటిదండీ, నూనె తగిలితే లోపలికి పీల్చేస్తుంది. వేడెక్కాక ఆ నూనె పైకొచ్చి కాలి గాజులా అయిపోతుంది. ఇంక కాళ్లు విరిగేలా తొక్కినా ఆగదు. ఇదేం నూనె, ఇంజను నూనె కాదే?” ముక్కు దగ్గర పెట్టుకుని ఆశ్చర్యపోయాడు. “నువ్వుల నూనె! దీపం వాసనండీ బాబూ!”

పరశురాములు ప్యాడు వాసన చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. బండిలో గుడి వాసన వస్తోందన్న ముత్తమ్మ కేక వినిపించింది. గాలిలో ఆగిపోయిన రత్నం చెయ్యి కళ్ల ముందు కదిలింది. తల కొట్టేసినట్టయింది. కొత్త ప్యాడ్లు తీసుకుని, పాతవి మళ్లీ గుడ్డలో చుట్టుకుని, చిల్లర కూడా తీసుకోకుండా బయటికి వచ్చేశాడు. షాపాయన వెనక నుంచి పిలిచి ఇవ్వాల్సి వచ్చింది.

మిర్యాలగూడలో దిగి నేరుగా షెడ్డుకు నడిచాడు. తలుపు మీద శిలువ ఉంది. పక్కన కంప్రెషర్ లేదు. అది ఇన్నాళ్లూ నిలబడిన చోట సిమెంటు నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు తెల్లగా మిగిలాయి. రత్నం ఒక ఆటో టైరు పక్కన నిలబడి, కాలి పంపుతో గాలి కొడుతున్నాడు. పరశురాములును చూసి ఆగలేదు.

“నీకు పంచాయితీ నాడే తెల్సు,” అన్నాడు పరశురాములు, మూట విప్పి.

“వాసన సూసినగద.”

“మరి నోరిప్పి చెప్పొచ్చు గద, అందరి ముందర!”

రత్నం పంపు మీది నుంచి కాలు తీశాడు. నుదుటి చెమట మోచేతికి తుడుచుకున్నాడు.

“ఏమని చెప్పాలె? శ్రావణ శుక్రవారం అమ్మవారికి చేసిన పూజతోటి బ్రేకులు పోయినయని చెప్పాల్నా? నా పేరేంది, నా తలుపు మీద ఏముంది? మీ ఊరోళ్లు అంతమంది ఉంటే, గా మాట నా నోట్ల నుంచి వస్తే కంప్రెషర్ తోటి పోతుండెనా?”

పరశురాములు తలెత్తి తలుపు వంక చూశాడు.

“తప్పు నాది కూడ ఉంది,” అన్నాడు రత్నం. “నువ్వు వద్దన్నా సరే, బిగియ్య పో అని సామాను నీ మొహాన కొట్టాల్సింది. కొట్టలే. నా చేత్తోనే బిగించిన. ముత్తమ్మ చెయ్యి సూసినప్పుడల్లా అదే యాదికొస్తది. అందుకే ఖర్చు పెట్టుకొమ్మంటే కంప్రెషర్ కుదువబెట్టి కట్టిన. దానికి బాధ లేదు.”

“పైసలన్నీ నేనిస్త. ఇయ్యాల్నే కంప్రెషర్ ఇడిపించుకొస్త. ఎవలకీ తెల్వకుండ...”

“ఎవలకీ తెల్వకుండనా?” రత్నం మొదటిసారి నేరుగా చూశాడు. “పనికొచ్చేటోళ్లు సగానికి సగం రావట్లే. వచ్చినోళ్లు పక్కన నిలబడి నా చేతులనే సూస్తున్నరు, ఏమన్న మారుస్తనేమోనని. ఇరవై ఏండ్ల సంది ఇదే షెడ్డు. చాయ్ తాగనీకి పోయిన అన్నవ్ సూడు, ఆ ఒక్క మాట, అన్నా. కంప్రెషర్ కంటె అదే బరువుంది.”

అని మళ్లీ పంపు తొక్కడం మొదలుపెట్టాడు.

ఇంటికి పోయి వందనకు చెప్పాడు. ఆమె ముందు నమ్మలేదు. ప్యాడు చేతిలో పెట్టాడు. వాసన చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

“ముత్తమ్మత్త చెయ్యి నేను ఇరగ్గొట్టిన్నా?”

“నువ్వు కాదు. రత్నం గీకుతనంటే గీకనియ్యలే నేను. నీకు మా పూజలు తెల్వయన్న.”

వందన చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి అంది, “పోయి చెప్పు. నూనె కలిపింది నేనేనని నా పేరు కూడ చెప్పు. మొత్తం రత్నమన్న మీద పెట్టినట్టు, మొత్తం నీ మీద పెట్టుకొని గొప్పోనివి కాకు.”

మర్నాడు పొద్దున ముత్తమ్మను కట్టు మార్పించడానికి దవాఖానకు తీసుకెళ్లే ఆటోలో పరశురాములూ ఎక్కాడు. హరిలాల్ హోటల్ దగ్గర ఆపించాడు. ఆ వేళకు అక్కడ లారీవాళ్లు, వేములపల్లి నుంచి మిల్లు పనులకు వచ్చినవాళ్లు, వాళ్ల మధ్య బెంచీ మీద వెంకటనర్సయ్య. రోడ్డు అవతల షెడ్డు ముందు రత్నం ఒక లారీ టైరుకు గాలి కొడుతున్నాడు. కాలి పంపు చప్పుడు ఇవతలికి వినిపిస్తోంది.

పరశురాములు మూట విప్పి ప్యాడును ఎదురుగా ఉన్న డ్రైవర్ చేతిలో పెట్టాడు.

“వాసన సూడన్నా.”

“ఏందిది?”

“సూడుర్రి. సూసి పక్కాయనకియ్యిర్రి.”

డ్రైవర్ చూశాడు. కనుబొమలు ముడిచి పక్కవాడికి ఇచ్చాడు. ప్యాడు చేతులు మారుతూ వెళ్లింది. ఒక్కొక్కరూ ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కవాళ్ల మొహం చూస్తున్నారు.

“నా బండి బ్రేకులు ఇవి. అసలుయే. నకిలీయి కాదు, కోదాడల సూపించుకొచ్చిన,” అన్నాడు పరశురాములు. “పూజ చేసి నువ్వుల నూనె పూసినం, నేను, నా పెండ్లాం. రత్నం ప్యాడ్లు గీకుతనంటే నేనే గీకనియ్యలే. నేను ఈడ చాయ్ తాగనీకి వచ్చింది ప్యాడ్లు బిగించినంక. ఆడ్నే నిలబడి బిగిపిచ్చిన. మొన్న ఊళ్లె నేను చెప్పింది తప్పు.”

“నిజమే,” అన్నాడు హరిలాల్, గంజులో చాయ్ కలుపుతూ. “టైర్లకు గాలి కొట్టంగ వచ్చిండు. నన్నెవరు అడిగిండ్రు?”

వెంకటనర్సయ్య లేచి పరశురాములు భుజం పట్టి పక్కకు లాగాడు. “అయిపోయిన ముచ్చట ఎందుకు కెలుకుతవ్? మల్ల నీ మీదికే వస్తది. అమ్మవారి పూజను బజార్ల పెడ్తవా?”

“అమ్మవారిదేముంది పటేలా? గీకొద్దన్నది నేను.” ప్యాడు తిరిగి తిరిగి అతని దగ్గరికే వచ్చింది. పరశురాములు దాన్ని వెంకటనర్సయ్య ముందుకు చాపాడు. “తీర్పు చెప్పింది మీరు. మీరు కూడ జర సూడుర్రి.”

వెంకటనర్సయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆటోలోంచి ముత్తమ్మ ఎడమచెయ్యి చాపింది. “నాకియ్యి.” వాసన చూసి తల ఊపింది.

“గిదే. ఆ పొద్దు నేనన్న వాసన గిదే.” ప్యాడును ఒళ్లో పెట్టుకుని అందరి వంకా చూసింది. “నా చెయ్యిరిగితే ప్లేటేసిండ్రు. ఆయన పేరు ఇరగ్గొట్టిండ్రు గద, దానికేమేస్తరు?”

ఒక డ్రైవరు లేచి గ్లాసు కడిగే నెపంతో పక్కకు పోయాడు. రోడ్డు అవతల పంపు చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. రత్నం టైరు మీద ఒక చెయ్యి పెట్టి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. కాసేపటికి మళ్లీ చప్పుడు మొదలైంది.

పరశురాములు రోడ్డు దాటాడు. మొహం చెల్లక కొంచెం దూరంలోనే ఆగిపోయాడు. కంప్రెషర్ గురించి, దవాఖాన ఖర్చు గురించి దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

“రత్నమన్నా,” అన్నాడు. “జర జరుగు.”

రత్నం ఆ పిలుపుకు తలెత్తాడు. పంపు మీది నుంచి కాలు తీసి పక్కకు జరిగాడు. పరశురాములు చెప్పులు విడిచి పంపు మీద కాలు వేసి తొక్కసాగాడు. రత్నం గొంతుకూర్చుని, గాలి బయటికి పోకుండా పైపు మూతిని టైరుకు రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. కాసేపటికి పరశురాములుకు చెమటలు పట్టాయి, పిక్కలు పీకాయి. చాలా సేపయిందనుకుని ఆగి, టైరు వంక చూశాడు.

రత్నం టైరును పిడికిలితో గుద్ది చూశాడు.

“ఇంకా తొక్కు,” అన్నాడు. “సగం కూడ ఎక్కలే.”